ఆపినా ఆగని ఇంజను

2023 ఏప్రిల్ 14, శుక్రవారం ఉదయం. క్యూబాలోని మతాంజాస్ పట్టణంలో, నోటరీ కార్యాలయంలో హాజరైనవారు: నోటరీ ఇదాల్మిస్, మిగ్దాలియా, ఎలాదియో, ఇద్దరు సాక్షులు. ఆలస్యంగా వచ్చిన ఎలాదియో కారు తాళం జేబులో వేసుకుంటూనే కాగితం మీద సంతకం గిలికేశాడు. మిగ్దాలియా కలం ముట్టుకోలేదు. తాళం తీసేసినా, వీధిలో ఆమె తండ్రి నాటి పాత కారు ఇంకా దడదడలాడుతూనే ఉంది.

"సంతకం, కామ్రేడ్. బయట ఇంకో జంట ఎదురుచూస్తోంది," అంది నోటరీ.

"పెట్టను. ఇది పడితే మా నాన్న కారులో సగం ఇతనిదవుతుంది. తాళం తిప్పితే బండి ఆగేలా చూసుకోలేని మనిషికా?"

"నా తప్పా? పెట్రోలు నాసిరకం!"

"అదే పెట్రోలుతో నేను నడిపితే ఆగేదిగా?"

"అయితే ప్లగ్గులు."

"ఆదివారం నేనే మార్చాను. నువ్వు టీవీలో బేస్‌బాల్ పెట్టుకుని గుర్రు పెడుతున్నావు."

ఒక సాక్షి కిసుక్కున నవ్వి, ఆమె చూపు తగిలి నోరు మూసుకున్నాడు. బయట ఇంజను రెండు దగ్గులు దగ్గి చచ్చింది. ఆమె కోపం చావలేదు.

"పన్నెండేళ్లు ఒకే కప్పు కింద ఉన్నాం. ఏదడిగినా రేపు చూద్దాం, రేపు చూద్దాం! ఇక్కడికి కూడా పదిసార్లు ఫోన్ చేస్తే గాని రాలేదు."

"వచ్చానుగా! ఇవాళ్టితోనైనా నీ నోరు మూతపడుతుందనుకున్నాను."

"ఆశ చూడండి అయ్యగారికి! పద బయటికి."

అందరూ వీధిలోకి వచ్చారు. మిగ్దాలియా బానెట్ ఎత్తింది. ఎలాదియో స్టార్ట్ చేశాడు. ఆమె తల వంచి విన్నది.

"నిలబడ్డ బండి కొండెక్కుతున్నట్టు అరుస్తోంది. ఐడ్లింగ్ వేగం ఎవరు పెంచారు?"

ఎలాదియో కారు దిగి చొక్కా సర్దుకున్నాడు.

"నిన్నే, మహానుభావా."

"నేనే," అన్నాడతను నేల చూస్తూ. "సిగ్నల్ దగ్గర ఆగిపోతే మళ్లీ అందుకోదేమోనని భయం."

సంగతి ఆమెకు తేటతెల్లమైంది. కార్బురేటర్ ద్వారం అవసరానికి మించి తెరుచుకుని ఉండటంతో, తాళం తీశాక కూడా గాలీ పెట్రోలూ లోపలికి పోతున్నాయి. లోపల పేరుకుని నిప్పుకణికలా కాగిన మసి వాటిని మండిస్తోంది; అందుకే ఇంజను ఆగడం లేదు.

"నీ పిరికితనానికి మా నాన్న ఇంజను మాడిపోతోంది! తిప్పు, వేగం తగ్గించే ఆ స్క్రూ."

ఎలాదియో ఇస్త్రీ చొక్కాకు గ్రీజు అంటుకుంది. ఆమె లెక్కచేయలేదు.

"ఇంకొంచెం. ఇంకొంచెమయ్యా, కొరుకుతుందా? చాలు. ఇక ఆపు."

అతడు తాళం తిప్పాడు. ఇంజను ఠక్కున నోరు మూసుకుంది.

"మళ్లీ స్టార్ట్ చెయ్."

అతడు కళ్లు మూసుకుని తాళం తిప్పాడు. ఇంజను ఒక్క ఊపులో అందుకుంది. ఆపితే ఆగింది.

మిగ్దాలియా మారుమాట లేకుండా లోపలికి వెళ్లి, కాగితం చిరుగుతుందేమో అన్నంత గట్టిగా సంతకం చేసింది. సాక్షులూ చేశారు. నోటరీ ముద్ర వేసి అందించిన ప్రతిని నాలుగు మడతలు పెట్టి సంచిలో కుక్కుకుంది.

"కొత్త చొక్కా కూడా నాశనం చేశావు," అంది పళ్లు కొరుకుతూ.

గుమ్మం దాటుతుండగా సాక్షులు కొత్త దంపతుల మీద బియ్యం చల్లారు.