వాపసు లేని సరుకు

"అందులో ఒక్క తప్పు పట్టుకో చాలు, మీ నాన్న ఉద్యోగం నిలబడుతుంది," అంది వేదవతి, కొడుకు ముందు కాఫీ పెట్టి.

సిద్ధార్థ్ లాప్‌టాప్ మీంచి తల ఎత్తలేదు.

ఆమె భర్త రామకృష్ణారావు గల్ఫ్‌లో, మెసైమీర్‌లోని ఒక కాంట్రాక్టు కంపెనీకి రవాణా ఇన్‌చార్జి. ఏ కూలీల క్యాంప్ నుంచి ఏ సైటుకు ఏ బస్సు వెళ్ళాలో రోజూ లెక్క వేసేది ఆయనే. ఇప్పుడా పనిని ఒక కంప్యూటర్ ప్రోగ్రాం చేస్తోంది. అది కంపెనీకి ఊరికే వచ్చింది. ఊరికే వచ్చినదాని పక్కన జీతం తీసుకునే మనిషి ఎంత చవకైనా ఖరీదే. ఈ నెలాఖరుతో డ్యూటీ ఆఖరన్నారు. ఉద్యోగంతో పాటు వీసా, వీసాతో పాటు అల్ వుకైర్‌లో ఈ ఇల్లు, ఇంకో ఏడాది మిగిలిన సిద్ధార్థ్ ఇంజనీరింగు. అన్నీ ఒకే మూటలో ఉన్నాయి.

"ఎవడో పనీపాటా లేనివాడు రాసి లోకం మీదికి వదిలాడు. వాడికి అమ్మానాన్నా లేరా?"

"రాసినవాణ్ణి ఏమీ అనకు," అన్నాడు రామకృష్ణారావు సోఫాలోంచి.

"మీరిలా మెత్తగా ఉండబట్టే వాళ్ళు నెత్తికెక్కారు!"

సిద్ధార్థ్ లాప్‌టాప్‌ను ఇంకాస్త తనవైపు తిప్పుకున్నాడు. ఆ పనీపాటా లేనివాడు తనే. భోజనాల దగ్గర నాన్న చెప్పే బస్సుల తిప్పలు వినే అది మొదలుపెట్టాడు. ఎవరైనా వాడుకోవచ్చని, మార్చుకోవచ్చని ఓపెన్ సోర్సులో పెట్టాడు. ముక్కూమొహం తెలియనివాళ్ళు మెరుగులు దిద్ది పంపుతుంటే మురిసిపోయాడు. ఇంట్లో మాత్రం చెప్పలేదు. 'ముందు మార్కులు చూడు' అంటారని భయం.

చివరికి ఒక తప్పు దొరికింది. ఎండాకాలం మధ్యాహ్నం బయటి పనులు ఆపేస్తారు. ఆ వేళకు కూలీలను తెచ్చే బస్సులను ప్రోగ్రాం లెక్కలోకి తీసుకోవడం లేదు. ఆశగా పేజీని కిందికి జరిపాడు. బ్రెజిల్‌లో ఎవరో పొద్దున్నే దాన్ని సరిచేశారు.

"ఏరా, దొరికిందా?"

"లేదమ్మా. ఉన్న ఒక్కటీ ఎవరో బాగుచేసేశారు."

"జీతమిచ్చినా ఇంత శ్రద్ధగా చెయ్యరు కదరా జనం!" వేదవతి విసురుగా వంటింట్లోకి వెళ్ళింది.

ప్రోగ్రాం పెట్టిన తన పేజీనే తీసేస్తే? లాభం లేదు, వేలమంది దగ్గర నకళ్ళున్నాయి. అమ్మిన సరుకైతే నాలుగు రాళ్ళు ఎక్కువిచ్చి తిరిగి కొనుక్కోవచ్చు. ఇచ్చేసినదాన్ని ఏ ధరకు కొంటాడు?

లేచి వెళ్ళి తండ్రి పక్కన కూర్చున్నాడు.

"నాన్నా, తిట్టినా పరవాలేదు. అది రాసింది నేనే."

రామకృష్ణారావు ఉలిక్కిపడలేదు. వంటింటి వైపోసారి చూసి, గొంతు తగ్గించాడు.

"మీ అమ్మకు చెప్పకు."

"మీకు కోపం రాలేదా?"

"అందులో నీ పేరు గొప్పగా చూపించి, మా మేనేజర్ చేత దాన్ని పెట్టించింది నేనేరా."