బల్లి పలికితే నిజం

ఉడుములు పట్టే తమ్ముణ్ణి, పుండు ఇంకొకరికి అంటకుండా, ఆసుపత్రిలో విడిగా ఒక గదిలో ఉంచి బయట గడియ వేశారు. మురుగుకాలవలో ఉడుము గీరిన చెయ్యి మోచేతి దాకా వాచింది. అదే ఆసుపత్రి ల్యాబులో పనిచేసే అక్క, రాత్రి ఆ తలుపు అద్దం ముందు నిలబడి ఫోన్ చేసింది.

"ఉడుంపట్టు అంటే ఇదేనేమో అక్కా. వదలట్లేదు."

"వాగింది చాలు, పడుకో."

"ఏ మందు పనిచేస్తుందో తేలిందా?"

పుండులోని క్రిములను గాజు పళ్లెంలో పెంచి, పైన మందు బిళ్లలు పెడతారు. పనిచేసే బిళ్ల చుట్టూ క్రిములు చచ్చి ఖాళీ వలయం మిగులుతుంది. ఆమె చూసిన పళ్లెంలో ఏ బిళ్ల చుట్టూ ఖాళీ లేదు.

"తేలింది. రేపు మొదలెడతారు," అంది.

తమ్ముడు గోడలకేసి చెవులు రిక్కించాడు. చిన్నప్పటి నుంచీ అంతే, బల్లి పలికితేనే అక్క మాట నమ్ముతాడు.

బల్లి పలకలేదు.

"అయితే అబద్ధం. ఏ మందూ పనిచెయ్యదు. అంతేనా?"

ఆమె చెవి పక్కనే బల్లి పలికింది.

"ఇందాక నా కట్టు నాకిన బల్లే," అన్నాడు తమ్ముడు, అద్దంలోంచి చూస్తూ. "తలుపు కింద నుంచి అటొచ్చేసింది. కదలకక్కా, నీ భుజం మీదుంది."