గట్టు: అర్థం, ప్రయోగం, పుట్టుక

‘గట్టు’ కార్డు బల్ల మీద పెట్టి ఆ అమ్మాయి నిలబడింది.

నిఘంటువు ఆఫీసులో ప్రధాన సంపాదకుడంటే అందరికీ హడలు. కామా తప్పినా కార్డు మొహాన కొడతాడు. ఆయన పట్టుబట్టేది ఒక్కటే. ప్రయోగం కింద సొంత కవిత్వం పనికిరాదు. మనిషి నోట విన్న వాక్యమే రాయాలి. ఎవరన్నారో, ఎక్కడన్నారో కార్డు వెనక రాయాలి.

ఈ అమ్మాయి మీద మాత్రం ఈగ వాలనివ్వడు. ఆమె తమ్ముడు ఇక్కడే పనిచేసేవాడు. సేద్యం మాటలు ఏరుకొస్తానని పొలాల మీదికి వెళ్లి ఎనిమిది నెలలైంది. ఉన్నాడో లేడో తెలీదు. వాడి ఉద్యోగం అక్కకిచ్చింది ఈయనే. ఆమె ఏ పొలానికి వెళ్లినా ముందు ఓ మాటకు అర్థం అడుగుతుంది, ఆ తర్వాత తమ్ముడి ఫొటో చూపిస్తుంది.

ఆయన కళ్లజోడు సర్దుకున్నాడు.

“అర్థం: పొలానికీ పొలానికీ నడుమ వేసిన మట్టి కట్ట. బాగుంది. పుట్టుక: ‘కట్టు’ నుంచి కావచ్చు. భేష్! తెలీనిచోట ‘కావచ్చు’ అన్నావు చూడు, అదీ బుద్ధంటే!”

ప్రయోగం దగ్గరికొచ్చేసరికి ఆయన కార్డును కళ్లకు దగ్గరగా పెట్టుకున్నాడు.

‘పొలం అమ్మితే అమ్ము గానీ, ఆ తూర్పు గట్టు మాత్రం తవ్వనివ్వకు. వాడి చెప్పులు కూడా అక్కడే ఉన్నాయి.’

ఆయన లేచి తలుపు దగ్గరికి వేశాడు.

“ఇదేం వాక్యం తల్లీ? పిల్లలు చదివే పుస్తకం ఇది. గట్టు మీద గడ్డి మొలిచిందని రాసెయ్, పీడా పోతుంది.”

“విన్నదే రాయమన్నారు కదా సార్.”

“ఏ చచ్చిన ఎద్దు గురించో అనుంటారు.”

“ఎద్దుకు చెప్పులెందుకు సార్?”

ఆయన జేబురుమాలు తీశాడు. ఫ్యాన్ కిందే ఉన్నా మెడంతా చెమట.

“పోలీసులకు గానీ చెప్పావా?”

“పొద్దున్నే చెప్పాను. తవ్వారు. ఇందాకే ఫోన్ చేశారు. చెప్పులు దొరికాయట సార్. ఎడమదానికి తెగిన పట్టీ నేనే నీలం దారంతో కుట్టాను. అదే దారం.” ఆమెకు ఏడుపు ఆగలేదు. “ఎక్కడో ఉన్నాడులే, వస్తాడులే అనుకుంటూ ఇన్నాళ్లూ రోజూ వాడికీ కలిపే వండాను.”

ఆయన కుర్చీలో కూలబడ్డాడు.

“ఆ మాట ఎవరన్నారమ్మా?” అన్నాడు, వినపడీ వినపడనట్టు.

ఆమె కళ్లు తుడుచుకుని కార్డు తిరగేసి ఆయన ముందుకు జరిపింది.

దాని మీద ఆమె గుండ్రటి చేతిరాతలో ఇలా ఉంది: ‘పలికినవారు ప్రధాన సంపాదకులు, నిన్న మధ్యాహ్నం, ఈ గదిలోనే, ఫోన్‌లో తన బావమరిదితో.’