బటన్ల మాస్టారు

“మళ్ళీ వచ్చారా మాస్టారూ? మాకున్న సాఫ్ట్‌వేరు చాలని చెప్పాను కదా!” ఆసుపత్రి కంప్యూటర్ సెక్షన్ ఆఫీసరు విసుక్కున్నాడు.

ఆయన్ని అక్కడ అందరూ బటన్ల మాస్టారనే పిలుస్తారు. కంప్యూటర్ తెర మీద పెట్టుకునే బటన్లూ, అంకెల గడులూ, హెచ్చరికలూ సిద్ధంగా ఉన్న టూల్‌కిట్ ఒకటి తయారుచేసి, వాడుకోండి బాబూ అంటూ చెప్పులరిగేలా ఆసుపత్రులు తిరుగుతున్నాడు. ఇక్కడికి రావడం ఇది ఐదోసారి.

“పైసా ఇవ్వక్కర్లేదండీ. మీవాళ్ళకి నేనే నేర్పిస్తాను.”

“ఊరికే ఇస్తానంటేనే భయం. ఇందులో మీకేంటి లాభం?”

మాస్టారు తన ల్యాప్‌టాప్ తెరిచి బల్ల మీద పెట్టాడు.

ఏదో పని మీద అక్కడికొచ్చిన హెడ్ నర్సుకి జాలేసింది. “ఉండండి సార్, నన్ను చూడనివ్వండి,” అంటూ కుర్చీ లాక్కుని కూర్చుంది.

“మందు మోతాదు కొట్టండమ్మా. చంటిబిడ్డకి ఒకటిన్నర ఎమ్మెల్.”

ఆమె చకచకా కొట్టింది. తెర ఎర్రబడింది. ‘పదిహేను కొట్టారు. ఈ బిడ్డకి ఇది పది రెట్లు ఎక్కువ’ అని అక్షరాల్లో రాసి, ముందుకు కదలనంది.

“అయ్యో, ఒకటికీ ఐదుకీ మధ్య చుక్క పడలేదు! మా తెరయితే ఆపేదే కాదు.”

“ఒకచోట ఆపలేదమ్మా. నాలుగేళ్ళ పాప. వరుసగా రెండు షిఫ్టులు చేసిన నర్సు. చుక్క కొట్టింది కూడా, తెరే తీసుకోలేదు. పాప దక్కలేదు.”

“ఆ పాప మీ మనవరాలా?”

మాస్టారు తల తిప్పుకుని సంచీ సర్దుకోసాగాడు. హెడ్ నర్సు ఆఫీసరు వైపు తిరిగింది.

“సార్, మా వార్డు వరకైనా ఇది పెట్టించండి. రేపు నా చేతిలో అలా జరిగితే నేను తట్టుకోలేను.”

ఆఫీసరు ఎర్రటి తెరకేసి చూశాడు. “సోమవారం నుంచి మొదలుపెడదాం. ఏమీ అనుకోకండి మాస్టారూ.”

హెడ్ నర్సు ఆయన్ని లిఫ్టు దాకా సాగనంపింది.

“పాపం, ఆ నర్సు ఏమైందండీ?”

“ఉద్యోగం తీసేశారు. ఆమె తప్పేం లేదమ్మా.”

ఆమెకి ఒళ్ళు మండిపోయింది. “అలాంటి తెర చేసినవాడు మాత్రం ఎక్కడో హాయిగా ఉండుంటాడు. అసలు నిద్రెలా పడుతోందో ఆ మనిషికి!”

లిఫ్టు తలుపు తెరుచుకుంది. మాస్టారు లోపలికి వెళ్ళకుండా అలాగే నిలబడిపోయాడు.

“పట్టట్లేదమ్మా.”