అటక మీది గడ్డి

“గ్రౌండ్‌హాగ్ బొరియలోంచి వచ్చి తన నీడ తాను చూసుకుందట. ఇంకో ఆరు వారాలు చలేనట,” అంది లోవినా, ఏటా ఫిబ్రవరి రెండున ఆ ఉడుత జాతి జంతువు పేరిట చెప్పే చలి జోస్యం విని రేడియో కట్టేస్తూ.

“దానికేం, మళ్లీ పోయి పడుకుంటుంది,” అని విసుక్కున్నాడు ఆమె మొగుడు హార్వే. నిచ్చెన తీసుకుని కొట్టంలోకి నడిచాడు.

లోవినా వెనకే వెళ్లింది. “ఆ నడుంతో ఇప్పుడు అటకెక్కాలా?”

“చలికాలం సగమైన ఈ రోజుకి సగం గడ్డి మిగలాలనేవాడు మా నాన్న. చూడొద్దూ?”

నలభై ఏళ్లలో ఒక్కసారీ సగం మిగల్లేదు. ఏటా పక్క రైతును దేబిరించడమే.

పైకెక్కిన హార్వే గడ్డి మోపులు ఒక్కొక్కటీ లెక్కపెట్టాడు.

“సగం కాదే, మొత్తం ఉంది,” అన్నాడు చివరికి.

“ఉండక ఎక్కడికి పోతుంది?” అంది లోవినా, నిచ్చెనను గట్టిగా పట్టుకుని. “తినే ఆవుల్ని అక్టోబర్లోనే లారీ ఎక్కించావుగా.”