వడ్రంగి కుడి చెయ్యి

ఆ వడ్రంగి కుడి చెయ్యి ఎందుకూ పనికిరాకుండా పోయిందంటే, ఆ పాపం మొత్తం అతని బావమరిది రాడ్డుదే. టైర్ల షాపువాడు. చేతిలో ఎప్పుడూ జాకీ రాడ్డు ఉంటుంది కాబట్టి ఆ పేరు. నోటికంటే ముందు చెయ్యి లేచే రకం. ఇలాంటివాళ్ళకీ ఆలోచన వస్తుంది. కాకపోతే అవతలివాడి ఎముక విరిగాక వస్తుంది.

ఆ రోజు రాడ్డు చెల్లెలు, ఆ వడ్రంగి పెళ్ళాం, షాపుకి వచ్చింది. ఎడమ కన్ను కింద నల్లగా కమిలిపోయి ఉంది. ఎడమ దవడ మీద ఇంకోటి, పాతది, పసుపు రంగుకి తిరుగుతోంది.

“ఏంటే ఇది?”

“తలుపు తగిలిందన్నయ్యా.”

“పోయిన నెలా తలుపే తగిలింది. మీ ఇంట్లో తలుపులకి కాళ్ళొచ్చాయా?”

ఆమె కొంగు ముఖం మీదికి లాక్కుంది. మాట్లాడేదాకా ఆగే ఓపిక రాడ్డుకి లేదు. తమ్ముణ్ణి వెంటేసుకుని బయల్దేరాడు.

వడ్రంగి చెక్కకి చిత్రిక పడుతున్నాడు. తలెత్తి “రండి బావా” అనేలోపే మొదటి దెబ్బ మోకాలి మీద పడింది. కూలబడ్డవాణ్ణి తమ్ముడు జుట్టు పట్టి లేపి, ముఖాన్ని బల్లకేసి కొట్టాడు. పన్నొకటి ఊడి చెక్కపొట్టులో పడింది. చెక్కని కదలకుండా బిగించి పట్టే వైసు బల్ల చివర ఉంది. రాడ్డు బావ కుడి చేతిని అందులో దూర్చి పిడి తిప్పాడు.

“చెప్పు బావా. ఈ చెయ్యేనా?”

“నీకు దణ్ణం పెడతాను. నేను కొట్టలేదు బావా. చెయ్యి పోతే నా బతుకే పోతుంది.”

పిడి ఇంకో చుట్టు తిరిగింది. మోచేతి మీద జాకీ రాడ్డు దిగింది. ఎండుకొమ్మ విరిగినట్టు చప్పుడు. ఆ అరుపుకి పక్క షాపువాడు షట్టర్ దించేసుకున్నాడు. లోకం తీరే అంత.

అప్పుడొచ్చింది చెల్లెలు, వగర్చుకుంటూ. అన్న కాళ్ళు చుట్టేసుకుంది.

“ఆయనేం చెయ్యలేదన్నయ్యా! మీరిలా చేసిపోతే రేపు నా గతేంటి?”

ఆస్పత్రిలో మొగుడి మంచం పక్కన కూర్చున్నదాన్ని డాక్టరు చూశాడు. ముఖం చూశాడు, జబ్బల మీద మచ్చలు చూశాడు.

“ఎవరైనా కొట్టారామ్మా?”

ఆమె మొగుడి వైపు చూసింది. అతను కట్టు కట్టిన చెయ్యి గుండెల మీద పెట్టుకుని కళ్ళు మూసుకున్నాడు.

“లేదండీ. వాటంతటవే వస్తాయి.”

డాక్టరు రక్తం తీయించాడు. లక్షన్నర పైన ఉండాల్సిన ప్లేట్‌లెట్లు పద్దెనిమిది వేలే ఉన్నాయంది యంత్రం. మళ్ళీ తీయించాడు. మళ్ళీ అంతే.

అన్నదమ్ములిద్దర్నీ పిలిచి నిలబెట్టాడు. “రక్తం గడ్డకట్టని జబ్బు. వేలు తగలకపోయినా ఒళ్ళు కమిలిపోతుంది. మీరేమో ఒక మనిషిని చంపబోయారు.”

రాడ్డు వెళ్ళి బావ కాళ్ళ మీద పడ్డాడు. వడ్రంగి ఎడమ చేత్తో లేపాడు.

“పోనీలే బావా. తోడబుట్టింది కదా, నీ కడుపు మండింది.”

కేసు కూడా పెట్టలేదు. రాడ్డుకి ఆ దెబ్బ జాకీ రాడ్డు దెబ్బకంటే గట్టిగా తగిలింది. బావ పేరెత్తితే తల దించుకునేవాడు.

చెయ్యి వంకరగా అతుక్కుంది. దానితో గ్లాసు కూడా ఎత్తలేడు. ఎడమ చేత్తో రంపం లాగడం నేర్చుకున్నాడు. మేకు పట్టుకోవడానికి పెళ్ళాం పక్కన ఉండాల్సిందే.

ఒకసారి ఆమె మళ్ళీ షాపుకి వచ్చింది.

“అన్నయ్యా, కొన్నాళ్ళు మీ ఇంట్లో ఉంటాను.”

“ఆయన చెయ్యి విరగ్గొట్టింది చాలదా? పెళ్ళాన్ని కూడా లాక్కొచ్చానని అనిపించుకోవాలా? అన్నం కలిపి పెట్టే దిక్కు నువ్వేగా. వెళ్ళమ్మా, మాత్రలు వేసుకో.”

“జబ్బుకి పుట్టిల్లయితే ఏంటి, మెట్టినిల్లయితే ఏంటే?” అని తమ్ముడు నవ్వాడు.

అన్న వంగి చక్రం విప్పుకుంటున్నాడు. ఆమె వెళ్ళిపోయింది.

మాత్రలకి ముఖం ఉబ్బింది గానీ ప్లేట్‌లెట్ల అంకె కదల్లేదు. ఎడమ పక్క మానింది. కుడి కంటి కింద లేచింది. అది మానకముందే కుడి దవడ మీద ఇంకోటి.

“ఒకచోట తగ్గితే ఇంకోచోట పొడుస్తుంది. మొండి జబ్బు,” అన్నాడు డాక్టరు. మోతాదు పెంచాడు.

ఒక మధ్యాహ్నం ఆమె వంటగదిలో పడిపోయింది. తల లోపల రక్తం చిమ్మింది. పెద్దాస్పత్రికి తీసుకెళ్ళారు. సాయంత్రానికి పోయింది.

వడ్రంగి గోడకేసి తల బాదుకున్నాడు. రాడ్డు వాటేసుకుని ఆపాడు. “ఊరుకో బావా. జబ్బు తీసుకెళ్ళింది. మనమేం చేస్తాం?”

అంతలో రక్తం పరీక్ష చేసిన డాక్టరమ్మ రాడ్డుని లోపలికి పిలిచింది.

“మా యంత్రం కూడా పదహారు వేలే అంది. నాకు నమ్మబుద్ధి కాలేదు. ఒక బొట్టు గాజుపలక మీద వేసి నేనే చూశాను. ప్లేట్‌లెట్లన్నీ ముద్దలు ముద్దలుగా అతుక్కుపోయి ఉన్నాయి. తీసిన రక్తం గడ్డకట్టకుండా సీసాలో ఒక మందు ఉంటుంది. ఎక్కడో ఒకరి రక్తానికి ఆ మందు పడదు. ఒంట్లో బాగానే ఉంటుంది, సీసాలో పడ్డాక ముద్ద కడుతుంది. ముద్దలో ఎన్నున్నాయో యంత్రానికి తెలీదు. ఆమె పోకముందే వేరే మందున్న సీసాలో తీయించాను. రెండు లక్షల నలభై వేలు. నీకూ నాకూ ఉన్నట్టే.”

రాడ్డుకి సగమే ఎక్కింది. “అంటే, జబ్బు తగ్గిపోయిందా అమ్మా?”

“జబ్బు ఎప్పుడూ లేదు.”

గాజు తలుపు అవతల బావ ఎడమ చేత్తో కళ్ళు తుడుచుకుంటున్నాడు.

అతని కుడి చెయ్యి తను విరగ్గొట్టిన నాటి నుంచే చెల్లెలి మచ్చలు కుడి చెంపకి మారాయని రాడ్డుకి అప్పుడు తట్టింది.