జీపు చక్రం కింద రాయి

వాలు మీద జీపు జారకుండా డ్రైవరు కొండ రాయి ఒకటి తెచ్చి చక్రం కింద పెట్టాడు.

వెనక సీట్లోంచి ప్రొఫెసరు దిగాడు. దిగాడంతే, కొండ ఎక్కలేదు. కొత్త బూట్లాయె.

మ్యూజియంలో ఆదిమానవుడి రాతి గొడ్డలి ఒకటుంది. నున్నగా సానపట్టిన ముదురు పచ్చ రాయి. అది ఏ కొండలో పుట్టిందో తేల్చడమే ఈ మహానుభావుడి జీవితాశయం. సగం జీవితం దానికే పోయింది, జుట్టుతో సహా.

"ఇది గోధుమరంగు కొండ. మనది పచ్చ రాయి," అని కిందినుంచే తేల్చేశాడు.

రాయి పైరంగు నమ్మొద్దు, పగలగొట్టి లోపల చూడండి అని ఏటా పిల్లలకి పాఠం చెప్పేది ఈయనే. సుత్తి మాత్రం సంచిలోంచి బయటికి రాలేదు.

చుట్టూ కంకర క్వారీ. కొండలో మిగిలిన కాస్త బండ మీద ఒక ముసలమ్మ కూర్చుని ఉంది. ఒళ్ళంతా రాతి దుమ్ము. ఆయన్ని చూసి మెల్లగా దిగొచ్చింది.

"బాబూ, పాతకాలం వాళ్ళు గొడ్డళ్ళకి రాయి ఇక్కడే తీశారంటావా?"

"నీకెందుకమ్మా ఇవన్నీ?"

"తీసుంటే ఈ కాస్తయినా ఉంచేద్దామని."

"ఉంచేస్తుందట," డ్రైవరు వైపు తిరిగి నవ్వాడు ప్రొఫెసరు. "చదువుకున్నవాణ్ణి చెప్తున్నా, ఇందులో ఏం లేదు. ఉత్త కంకర. ఇంటికెళ్ళి పడుకో."

ముసలమ్మ ఒంటి మీది దుమ్ము దులుపుకుంది.

"నీకు తెలుస్తుందిలే బాబూ," అని వెళ్ళిపోయింది.

డ్రైవరు చక్రం కింది రాయి తీసి జీపులో పడేశాడు. ల్యాబు దగ్గర జీపులో దాన్ని చూసిన అసిస్టెంటు శాంపిల్ అనుకుంది. పలచగా కోసి మైక్రోస్కోపు కింద పెట్టింది.

"సార్, దొరికింది. పైనే గోధుమరంగు, లోపలంతా పచ్చ. అచ్చం గొడ్డలి రాయే."

"ఎక్కడిదది?"

డ్రైవరు నీళ్ళు నమిలాడు. "మొన్నటి క్వారీ కొండది సార్. చక్రం కింద పెట్టాను."

ప్రొఫెసరు అవే బూట్లతో పరిగెత్తాడు. బండ ఉన్నచోట గొయ్యి ఉంది. ఆఖరి కంకర లారీ వెళ్ళిపోతోంది.

"ఇక్కడో ముసలమ్మ కూర్చునేది కదయ్యా, ఊరుకుందా?" మేస్త్రీని నిలదీశాడు.

"ఆవిడే కొట్టేయమంది సార్. ఎవరో చదువుకున్నాయన అందులో ఏం లేదన్నాడట."

"ఆవిడ చెప్తే కొట్టేస్తారా?"

మేస్త్రీ ఆయన్ని ఎగాదిగా చూశాడు.

"కొట్టక చస్తామా సార్, ఈ క్వారీ ఆవిడదే."